లేసు కుట్టిన బండి

సూరత్‌లోని మన తెలుగువాళ్లను అంబదాస్ గురించి అడిగితే ఏ అంబదాస్ అని ఎదురు ప్రశ్న వేస్తారు. డబ్బా అంబదాస్ అంటే మాత్రం వెంటనే నవ్వుతారు. ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాడు.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో పవర్‌లూమ్ మగ్గాలన్నీ బందైనప్పుడు ఆయన దగ్గర అమ్ముడుపోని చీరలు గుట్టగా మిగిలిపోయాయి. మామూలు చీరలే, పైగా ఎవరూ ముట్టని రంగులు. ఆయన ఏం చేశాడంటే, వాటి అంచుకు నాలుగు వేళ్ల వెడల్పు లేసు కుట్టించి, బంగారు రంగు అట్టడబ్బాల్లో పెట్టి, డబ్బా మీద ‘లిమిటెడ్ ఎడిషన్’ అని అచ్చు వేయించాడు. ధర రెట్టింపు చేశాడు. లాక్‌డౌన్ సడలగానే ఆ చీరలు దుకాణాల్లోంచి ఎగిరిపోయాయి.

“చీర గదే, పోగు గదే, మగ్గం గదే. డబ్బా మార్చిన, అంతే. జనానికి అకల్ ఉంటే మనం బతుకుతమా?” అని దొరికినవాళ్లందరికీ చెప్పి తొడ చరుచుకునేవాడు.

ఇంత తెలివైన మనిషి ఆ దీపావళి వెళ్లాక ఒకరోజు కార్ల షోరూంలో అడుగు పెట్టాడు.

వెళ్లింది పాత బండి సర్వీసింగ్ కోసమే. ఆయనకు ఒక తెల్ల కారు ఉండేది. చిన్నది, సాదాది, ఏ ఎత్తయినా ఏ గుంతయినా నోరెత్తకుండా ఎక్కి దిగేది. సర్వీసింగ్ అయ్యేదాకా కూర్చోమని కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఆ టీ తాగకుండా ఉంటే ఈ కథ లేదు. మాస్కు గడ్డం కింద పెట్టుకున్న ఒక సేల్స్ కుర్రాడు వచ్చి, “సర్, చీతా ఎడిషన్ చూశారా?” అని హిందీలో అడిగాడు.

చీతా ఎడిషన్ అంటే అదే కారు. అవే తలుపులు, అదే పైకప్పు, అదే స్టీరింగు. ఇంజనుకు కాస్త ఊపిరి ఎక్కువ. వెనక రెండు మూతుల సైలెన్సర్, డిక్కీ పైన చిన్న రెక్క, పక్కన సన్నటి ఎర్ర గీత, సీట్లకు ఎర్ర దారపు కుట్లు. బండి రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. గేరు పక్కన ఒక స్టీలు బిళ్ళ, దాని మీద నంబరు. దేశం మొత్తానికి కొన్ని వందల బండ్లే చేశారని, అందులో ఇది ఫలానాదని ఆ నంబరు చెబుతుంది. ఈ భాగ్యానికి మామూలు బండి మీద సగం ధర ఎక్కువ.

“సున్నా నుంచి వందకు ఎనిమిది సెకన్లలో పోతుంది సర్,” అన్నాడు కుర్రాడు.

ఎక్కడ పోతుంది అని అంబదాస్ అడగలేదు. ఆయన ఇల్లు ఆల్థాన్‌లో. రోజూ తిరిగేది నవాగామ్ దాకా. ఆ దారిలో వంద అనే అంకె కనిపించేది పెట్రోలు బంకు మీటరు మీద మాత్రమే. మిగతా అంతా బట్టల తానులు మోసే టెంపోలు, ఆవులు, స్పీడ్ బ్రేకర్లు. పైగా రాత్రి తొమ్మిదికి కర్ఫ్యూ.

“బయటికి పెద్ద తేడా కనబడేటట్టు లేదు గద?” అని మాత్రం అడిగాడు.

“అదే సర్ దీని గొప్ప. చూసేవాళ్లకు కాదు, తెలిసినవాళ్లకే తెలుస్తుంది.”

ఆ మాట అంబదాస్ బుర్రలో రెండు రకాలుగా పడింది. ఒకటి, నేను తెలిసినవాణ్ణి. రెండు, మా ఆవిడ తెలిసినది కాదు. తెల్ల బండి ఇచ్చి తెల్ల బండి తీసుకుంటే ఆమెకు ఏం తెలుస్తుంది? ఇంట్లో మనిషికే తేడా తెలియని బండికి అంత ధర పోయడం ఎందుకని మనలాంటివాళ్లం ఎవరమైనా అడిగేవాళ్లమే. అడగడానికి అక్కడ మనం లేము.

ఇక్కడ ఆయన భార్య భాగీరథి గురించి చెప్పాలి. మగ్గాలు బందై అంబదాస్ మంచం మీద పడుకొని పైకప్పు చూస్తున్న రోజుల్లో ఇల్లు నడిపింది ఆమే. చీరల మీద మెరిసే టీకీలు, గాజురాళ్లు గమ్ముతో అంటించే పని పట్టుకొచ్చి, నవాగామ్‌లో ఉండే మన కరీంనగర్ వైపు ఆడవాళ్లకు ఇచ్చేది. మూటలు పాత కారు డిక్కీలో వేసుకొని పోవడం, పనైన చీరలు తెచ్చుకోవడం. ఆ ఆడవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కటే గది. అందులోనే పొయ్యి, అందులోనే పిల్లలు, అందులోనే పరిచిన చీర. గమ్ము ఆరకముందే ఎవరో తొక్కుతారు, పులుసు చిందుతుంది, చీర వాపసు వస్తుంది, కూలి పోతుంది. అందుకని వాళ్లలో లింగవ్వ అనే ఆమె ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక రేకుల షెడ్డు వేయాలని భాగీరథి పట్టుపట్టింది. దీపావళి సరుకు పైసలు మార్కెట్ నుంచి రాగానే మొదటి పని షెడ్డే అని అంబదాస్ మాట ఇచ్చాడు.

పైసలు వచ్చాయి. చీతా కిందికి పోయాయి.

“గా మార్కెట్ యాపారి ఇంక ఇయ్యలేదే భాగీ. కరోనా గద,” అన్నాడు ఇంట్లో.

“పాపం,” అంది భాగీరథి. ఎవరు పాపమో చెప్పలేదు.

బండి వచ్చిన రోజు ఆమె అపార్టుమెంటు కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

“ఏందయ్యా, బండి కొత్తగ కొడుతున్నది?”

“సర్వీసింగ్ చేసిన్రు గద. షాంపూతోని కడిగిన్రు.”

“గీ వాసనేంది?”

“సానిటైజర్. కరోనా గద, బుడ్లకు బుడ్లు కొట్టిన్రు.”

“నంబర్ మారింది?”

అంబదాస్ మాస్కు సర్దుకున్నాడు. “సర్కార్ కొత్త ప్లేట్లు పెట్టుమన్నది. ప్లేట్‌తోని నంబర్ గూడ మారుస్తున్రు.”

“కరోనాకా?”

“మరి దేనికి? అందరు ముట్టుకున్న నంబర్లు గద.”

“జర కిందికి కుంగినట్టు లేదూ?”

“లాక్‌డౌన్ల నిలవడి నిలవడి కుంగింది. మనుషులే కుంగిన్రు, బండెంత?”

కూతురు రుచిత ఆన్‌లైన్ క్లాసు మధ్యలో చెవుల్లో వైర్లతో కిందికి వచ్చి, “పప్పా, ఆ తో నవీ గాడీ...” అని, ఇది కొత్త బండి కదా అన్నట్టు గుజరాతీలో మొదలుపెట్టింది. తల్లి అటు ఒక చూపు చూసింది.

“నీ క్లాసు అయిపోయిందా?”

రుచిత మూతి ముడుచుకొని మెట్లెక్కింది. భాగీరథి వెనక తలుపు తీసి, లోపలికి వంగి, కింద పరిచిన చాప మీద అరచేత్తో ఒకసారి రుద్దింది. అరచేతిని వెలుగులో తిప్పి చూసుకుంది.

“మంచిగ చేసిన్రు సర్వీసింగు,” అని పైకి వెళ్లిపోయింది.

అంబదాస్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. బిళ్ళ మీద చేతిరుమాలు కప్పి, స్టీరింగును ముద్దు పెట్టుకున్నాడు. తనంత తెలివైనవాడు సూరత్ మొత్తంలో లేడనుకున్నాడు.

మర్నాటి నుంచి అసలు బాధ మొదలైంది. చీతా కొన్నది నలుగురూ చూడటానికి. నలుగురికీ చెబితే సాయంత్రానికి భాగీరథికి తెలుస్తుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అంత పైసలు పోసి, దాన్ని దొంగసొమ్ములా దాచుకుంటూ తిరగాల్సి వచ్చింది. తెలిసినవాళ్లకే తెలుస్తుందని కుర్రాడు చెప్పాడు గాని, తెలిసినవాళ్లు ఎక్కడుంటారో చెప్పలేదు.

ముఖ్యంగా సప్పుడు సదానందం చూడాలి. ఆయన నూలు వ్యాపారి. నోరు సప్పుడు, హారన్ సప్పుడు, ఆఖరికి చెప్పులు కూడా సప్పుడే. సదానందం కళ్లలో ఒక్కసారి అసూయ చూస్తే చాలు, పోసిన పైసలు వచ్చినట్టే. అంబదాస్ పోయి ఆయన దుకాణం ముందు బండి ఆపి, ఎక్సలేటర్ తొక్కి, ఇంజనును గర్జింపజేశాడు. సదానందం రాలేదు. మళ్లీ గర్జింపజేశాడు. సదానందం చెవిలో వేలు పెట్టుకొని బయటికి వచ్చాడు.

“బావా, సైలెన్సర్ పగిలినట్టుంది. మెకానిక్ నర్సింగంకు చూపెట్టు.”

ఇంకోరోజు సిగ్నల్ దగ్గర ఇలాగే గర్జిస్తే ట్రాఫిక్ పోలీసు దగ్గరికి వచ్చాడు. అంబదాస్ మొహం వెలిగింది. పోలీసు మాత్రం “కాకా, సైలెన్సర్ ఫాటీ గయూ ఛే,” అని, పగిలిన సైలెన్సర్‌తో తిరుగుతున్నందుకు జరిమానా రసీదు చేతిలో పెట్టి పోయాడు. ఆ సైలెన్సర్ పగలడానికి ఎంత ఖర్చయిందో ఆయనకు చెప్పుకునే వీలు లేదు.

బండి లోపల కూర్చోవడం ఇంకో శిక్ష. రేసు బండి అని చెప్పి స్ప్రింగులు బిగించేశారు. రోడ్డు మీద అగ్గిపుల్ల ఉన్నా అంబదాస్ నడుముకు తెలిసేది. మామూలు కారును పట్టుకొని, మెత్తదనం తీసేసి, చప్పుడు పెట్టి, ఎత్తు తగ్గించి, అంటే అది చేసే నాలుగు మంచి పనులూ చెడగొట్టి, ఆ చెడగొట్టినందుకు ఎక్కువ తీసుకోవడం ఎవరి బుర్రలో పుట్టిందో గాని, వాడు సూరత్‌లో చీరలు అమ్మితే ఊరు మొత్తం కొనేసేవాడు.

ఆ వారం నవాగామ్‌కు మూటలు వేసుకొని బయలుదేరారు. డిక్కీ మూత రెక్క బరువుకు సరిగా నిలవక రెండుసార్లు భాగీరథి నెత్తి మీద పడింది.  మిగిలిన మూటలు వెనక సీట్లో పేర్చి, మధ్యలో, పని తీసుకుపోవడానికి వచ్చిన లింగవ్వను కూర్చోబెట్టుకున్నారు. లింగవ్వ ఆ ఆడవాళ్లందరికీ పెద్ద, మాటకు పదునెక్కువ.

వాళ్ల గల్లీ మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. మున్సిపాలిటీ వేసింది కాదు. పిల్లలు ఆడుకుంటారని గల్లీవాళ్లే పగిలిన ఇటుకలు, మిగిలిన సిమెంటు పోసి కట్టుకున్నారు. పాత బండి దాన్ని రోజూ దాటేది. చీతా ముందు చక్రాలు దాటించి, కడుపు ఆనించి, కర్రుమని అరిచి అక్కడే కూర్చుంది. అంబదాస్ ఎక్సలేటర్ తొక్కాడు. చప్పుడు మాత్రం నవాగామ్ దాటి వినిపించింది.

“సేటూ, పాత లెక్కన ఎగిరి దుంకుతలేదేంది?” అంది లింగవ్వ. “పొదుగు కోడి లెక్క కూసున్నది.”

“మూటల బరువు,” అన్నాడు అంబదాస్.

“ఎప్పటి మూటలే గద? నా బరువంటవా?”

“నీ బరువని ఎవలన్నరు?”

“మూతిల అన్నవ్, నోట్ల అనలే.”

ఆడవాళ్లందరూ వచ్చారు. మూటలు దింపారు, నెత్తిన పెట్టుకున్నారు. అంబదాస్, ఇంకో నలుగురు కలిసి బండిని వెనక నుంచి లేపి తోశారు. ఆ తోపులాటలో, ఆడవాళ్లు తిరిగి ఇచ్చేందుకు తెచ్చిన ఒక మూట జారి గల్లీ మోరీలో పడింది. పనైన చీరలు. లింగవ్వ మోకాళ్ల మీద కూర్చొని మోరీలోంచి ఒక్కొక్క చీర తీసింది. నల్లనీళ్లు కారుతున్నాయి. టీకీలు ఆ నీళ్లలో కూడా మెరుస్తున్నాయి. 

“షెడ్డు ఉంటే గిట్ల ఇంటింటికి మొయ్యాల్సిన పని లేకుండె,” అంది భాగీరథి. అది లింగవ్వతో అన్నట్టే అంది. అంబదాస్‌ చెప్పేద్దామా అనుకున్నాడు. నోరు తెరిచాడు. ముందు బండి కడుపు కింద ఎంత గీసుకుపోయిందో చూద్దామని వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. నడుం పట్టేసింది.

ఇంటికి వచ్చి మంచం మీద బోర్లా పడుకున్నాడు.

“నడుం ఎందుకు నొచ్చుతుంది?” అని అడిగింది భాగీరథి.

బండి స్ప్రింగుల వల్ల అని చెప్పలేడు. అలవాటైన మందే వాడాడు. “ఇది గూడ కరోనా లక్షణమేనట. టీవీల చెప్పిన్రు.”

భాగీరథి రెండడుగులు వెనక్కి వేసింది. “అట్లనా? మరి ముందుగాల చెప్పాలె గద!”

అంతే. దిండు, దుప్పటి, చెంబు వెనక గదిలోకి వెళ్లాయి. వాటి వెనక అంబదాస్. తలుపుకు బయటి నుంచి గడియ పడింది. పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టారు, ఏమీ లేదని తేలింది. అయినా భాగీరథి వినలేదు. “గా పుల్లలకేం తెలుసు? నువ్వు టీవీల చూసినవ్ గద,” అంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తలుపు సందులోంచి మిరియాల కషాయం వచ్చేది.

ఆ గదికి కిటికీ ఉంది గాని కింద బండ్లు నిలిపే చోటు కనబడదు, వినబడుతుంది అంతే. మర్నాడు పొద్దున చీతా గర్జించుకుంటూ గేటు దాటడం వినబడింది.

“భాగీ! బండి యాడికి పోతున్నది?”

“నర్సింగం తమ్మి తీస్కపోతున్నడు. సప్పుడు బాగు చేస్తడట.”

నర్సింగం మన జగిత్యాల వైపు మెకానిక్. కామ్‌రేజ్ రోడ్డు మీద ఆయనకు షెడ్డు ఉంది. మన తెలుగువాళ్ల బండ్లన్నీ ఆయన చేతి కిందే. పాత బండ్లు కొని అమ్మే వ్యాపారం కూడా ఉంది.

“ఏ సప్పుడు? గా సప్పుడు మంచిదే!” అని అరిచాడు అంబదాస్.

“గట్లెట్ల మంచిది? మన బండికి గంత సప్పుడు ఎన్నడన్న ఉండెనా? సర్వీసింగోల్లు కరాబు చేసిన్రు. ఏం, కొత్త బండా ఏంది, సప్పుడు మంచిదనడానికి?”

 కొత్త బండే అనాలంటే గడియ అవతల షెడ్డు పైసల లెక్క అడగడానికి భాగీరథి ఉంది. సాయంత్రం బండి వచ్చింది. వచ్చినట్టు ఆయనకు తెలియనే లేదు. అంత మెత్తగా వచ్చింది. ఆయన దుప్పటి ముసుగేసుకొని మూలిగాడు.

“దగ్గుతున్నవా? ఇంకో గిలాస కషాయం తేవాల్నా?”

“దగ్గు గాదే!”

“లక్షణాలు మారుతయట,” అంటూ గిలాస లోపలికి జరిపింది.

తర్వాతి రోజు బండి మళ్లీ పోయింది. “ఎనక రెక్క లెక్క ఏందో మొలిచింది. డిక్కీ నా నెత్తి మీద పడుతున్నది. తీసెయ్యమన్న.”

“అది ఉంటేనే గాలి...”

“గాలే గద భయం ఇప్పుడు? గాలిల తిరుగుతదట వైరస్. ఒద్దు.”

ఆ తర్వాత సీట్లు. “గుడ్డ సీట్ల ఇరవై దినాలు బతుకుతదట నీ కరోనా. రెక్సిన్ సీట్లు పెట్టిస్తున్న.” ఆ తర్వాత స్ప్రింగులు. “కుంగింది అన్నవ్ గద. నర్సింగం లేపిండు. పాపం, పైసలు గూడ అడుగలే.” ఆఖరికి ఎర్ర గీత కూడా. ఎవరో గీకిపెట్టినట్టుందని కిరోసిన్ గుడ్డతో తుడిపించిందట. ఒక్కొక్క కబురు తలుపు సందులోంచి వస్తుంటే అంబదాస్ గోడకు తల ఆనించి కూర్చున్నాడు. ప్రతి అబద్ధమూ తాను చెప్పిందే, ప్రతిదీ తిరిగి తన మీదికే వస్తున్నది. ఎక్కడా కాదనడానికి సందు లేదు.

చివరికి “నాకు తగ్గింది, నడుం నొప్పి పోయింది, వాసన గూడ మంచిగ తెలుస్తున్నది,” అని బతిమాలి బయటపడ్డాడు. కిందికి ఉరికాడు. అక్కడ ఒక సాదా తెల్ల కారు నిలబడి ఉంది. పొందికగా, ఎత్తుగా, నోరు మూసుకొని. అచ్చం పాత బండిలాగే ఉంది. గేరు పక్కన రుమాలు కింద బిళ్ళ ఒక్కటి మిగిలింది. ఆ రోజు నుంచి ఆయన ఎవరూ చూడనప్పుడు రుమాలు తీసి, బిళ్ళను ఉఫ్ అని ఊది తుడుచుకునేవాడు.

బండి మాత్రం హాయిగా నడిచేది. ఆయన నడుము ఆ మాట ఒప్పుకుంది, ఆయన ఒప్పుకోలేదు.

ఇంతలో నవాగామ్‌లో షెడ్డు లేస్తున్నది. ఇనుప స్తంభాలు వచ్చాయి, రేకులు వచ్చాయి, చీరలు పరిచి పని చేసే పొడుగు బల్లలు వచ్చాయి.

“పైసలు యాడియి?” అన్నాడు అంబదాస్ మెల్లగా.

“దొరికినయ్.”

“ఎవలిచ్చిన్రు?”

“ఏం, నీ యాపారి ఇచ్చిండా ఏంది, గంత ఇవరం అడుగుతున్నవ్?”

అంబదాస్ పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మార్కండేయ జయంతి రోజున షెడ్డు తెరిచారు. మన పద్మశాలీలకు అంతకన్నా మంచి రోజు లేదు. కరోనా అని ఊరేగింపు పెట్టలేదు గాని, మాస్కులు కట్టుకొని చాలామందే వచ్చారు. మార్కండేయుని పటం పెట్టి, నూలుపోగు కట్టి, టెంకాయ కొట్టారు. లింగవ్వ కొత్త బల్లను అరచేత్తో నిమిరి చూసుకొని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడు గల్లీ మొదట్లో గర్జన వినబడింది.

అంబదాస్ తలెత్తాడు. ఆ గొంతు ఆయనకు తెలుసు. స్పీడ్ బ్రేకర్ అవతలే, దాటకుండా, ఒక తెల్ల కారు ఆగింది. పక్కన ఎర్ర గీత. పైన రెక్క. రెండు మూతుల సైలెన్సర్. రెండు వేళ్లు కిందికి దిగి ఉంది. లోపలి నుంచి సప్పుడు సదానందం దిగాడు.

రెండు నెలలుగా మింగిన మాటలన్నీ అంబదాస్ గొంతులోకి ఒక్కసారి వచ్చాయి. తనది పోతే పోయింది, చీతా అంటే ఏమిటో ఈ జనానికి తెలియాలి. ఉరికి పోయి బండి చుట్టూ తిరిగాడు, రెక్క నిమిరాడు, నంబరు ప్లేటు వైపు చూడనే లేదు, అందరినీ పిలిచాడు.

“చూడున్రి! బండి అంటే గిది! మామూలు బండ్లు ఒట్టి డబ్బాలు. గీ నిలవడుడు చూడున్రి, గా సప్పుడు ఇన్నరా? ఎంత పాలిష్ కొట్టినా మామూలు దానికి గీ సప్పుడు వస్తదా? తెలిసినోనికి ఒక్క చూపుల తెలుస్తది!”

“నిజమేనా బావా?” అన్నాడు సదానందం. మాస్కు పైన కళ్లు నవ్వుతున్నాయి.

“నేను చెప్తున్న గద! ఎంత పెట్టినా తక్కువే.”

“అయ్యో,” అంది వెనక నుంచి భాగీరథి. “గా ముక్క ముందుగాల అనకపోతివి? సదానందం దగ్గర ఇంక జర ఎక్కువ అడుగుదును.”

అంబదాస్ మెడ మెల్లగా తిరిగింది.

“బావా,” అన్నాడు సదానందం, “గిది నీ పాత బండే.”

“ఎవనికి చెప్తున్నవ్? పాత బండి నాకు తెల్వదా? ఏడేండ్లు నడిపిన!”

భాగీరథి ముందుకు వచ్చి వెనక తలుపు చూపించింది. దాని కింద, మిల్లు గేటుకు రివర్సులో అంబదాసే గుద్దిన సొట్ట. ఎర్ర గీత ఆ సొట్టలోకి దిగి పైకి లేచి పోతున్నది. తర్వాత తలుపు తీసి, కింది చాప మీద అరచేత్తో రుద్ది, ఆ చెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది. అరచేతి నిండా టీకీలు మెరుస్తున్నాయి.

“ఎన్నిసార్లు ఊడ్చినా గీ చాపల నుంచి పోవు. గా రోజు నీ కొత్త బండిల చెయ్యి పెడితే ఒక్కటి అంటలే. మర్నాడే నర్సింగం ఫోన్ చేసిండు, అక్కా మీ బండి షోరూమోల్లు నాకు అమ్మిన్రు, ఏమైంది అని. ఇగ నీ లేసు ఊడదీసి దానికి కుట్టిచ్చిన. సదానందంకు అన్నీ చెప్పే అమ్మిన, ఆయనను మోసం చెయ్యలే. బండి పైసలు నర్సింగంకు పోను మిగిలినయే గీ షెడ్డు.”

“లోపల ఏముందో ఎవలు చూస్తున్నరు బావా? సప్పుడు ఉన్నది గద,” అన్నాడు సదానందం, సంతోషంగా.

లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక ఎవరో ఆపుకోలేక పగలబడి నవ్వారు. అంబదాస్ మాస్కును కళ్లదాకా లాక్కుందామా అని చూశాడు, అది అంత పొడుగు లేదు.

“మొదటి దినమే తెలిస్తే, మరి గప్పుడే అడుగకపోతివి?” అన్నాడు చిన్న గొంతుతో.

“నువ్వే చెప్తవని చూసిన.” భాగీరథి నవ్వలేదు ఇప్పుడు. “లింగవ్వ మోరీల నుంచి చీరలు తీస్తుంటే గూడ చూసిన. షెడ్డు పైసలు కర్చు పెట్టిన భాగీ, తప్పయింది అని ఒక్క మాట అంటే, గా రెక్క గూడ నీకే ఉంచుదును.”

అంబదాస్ తల వంచుకున్నాడు. “తప్పయింది,” అన్నాడు. అందరి ముందే అన్నాడు. రెండు నెలల్లో ఆయన కరోనా పేరు ఎత్తకుండా చెప్పిన మొదటి మాట అదే.

“సరే, డిక్కీ తెరువు. మూటలున్నయ్,” అంది భాగీరథి.

ఆయన తన సాదా బండిని గల్లీలోకి తెచ్చాడు. స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కి దిగింది, చప్పుడు లేదు. మూటలు ఒక్కొక్కటే మోసి షెడ్డులో బల్లల మీద పెట్టాడు. పని అయ్యాక లింగవ్వ అందరికీ ప్రసాదం పంచింది. పులిహోరకు గిన్నెలు చాలక, ఇంట్లో మిగిలిపోయిన చీరల డబ్బాలు తెచ్చి కాగితం పరిచి అందులోనే పెట్టారు. అంబదాస్ వంతు వచ్చింది. బంగారు రంగు డబ్బా, పైన తాను వేయించిన అక్షరాలు.

“తీస్కో సేటూ,” అంది లింగవ్వ.

అంబదాస్ మూత ఎత్తి, లోపల ఉన్నది పులిహోరేనని వేలితో తాకి చూసుకొని, అప్పుడు తీసుకున్నాడు.